మలక్‌పేట నానీ ఇంటి నుంచి వర్జీనియా సెనేట్ కుర్చీ దాకా: గజాలా హష్మీ ఎవరు, ఏం చేశారు?

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రానికి 2026 జనవరి 17న లెఫ్టినెంట్ గవర్నర్‌గా ప్రమాణం చేసిన గజాలా ఫిర్దౌస్ హష్మీ హైదరాబాద్‌లో పుట్టారు. ఖురాన్ మీద చేయి ఉంచి ఆమె ప్రమాణం చేశారు. అమెరికాలో ఒక రాష్ట్రం మొత్తం ఓటర్లు ఓటేసి గెలిపించిన పదవిలోకి వచ్చిన మొట్టమొదటి ముస్లిం మహిళ ఆమే. వర్జీనియాలో ఆ స్థాయికి వెళ్లిన తొలి భారతీయ సంతతి వ్యక్తి కూడా ఆమే. 2025 నవంబర్ 4న పోలింగ్ జరిగితే, ఫలితం తేలేసరికి ఇక్కడ మరుసటి రోజు పొద్దు అయింది. "హైదరాబాదీ బేటీ" అంటూ ఫొటోలు తెగ తిరిగాయి. ఫొటోలు తిరిగినంతగా ఆమె పని గురించిన సమాచారం తిరగలేదు. ఆమె ఏ పదవిలో ఏం చేశారు, ఆ పదవికి అధికారం ఎంత, ఎవరిని ఓడించి వచ్చారు అన్నవి చాలామందికి తెలియవు.

ముందు ఒక అపోహ తీర్చుకోవాలి. లెఫ్టినెంట్ గవర్నర్ అనగానే మనకు ఢిల్లీ, పుదుచ్చేరి, జమ్మూ కశ్మీర్ గుర్తుకొస్తాయి. అక్కడ ఎల్‌జీ అంటే రాష్ట్రపతి నియమించే వ్యక్తి, కేంద్రం మనిషి. వర్జీనియాలో అలా కాదు. ప్రజలే నేరుగా ఓటేసి ఎన్నుకుంటారు. పైగా గవర్నర్‌కు ఒక ఓటు, లెఫ్టినెంట్ గవర్నర్‌కు వేరే ఓటు. ఇద్దరూ వేర్వేరు పార్టీల వాళ్లయినా కావచ్చు. గవర్నర్ అంటే అక్కడ మన ముఖ్యమంత్రి లాంటి పదవి అనుకోవాలి, రాజ్‌భవన్‌లో ఉండే గవర్నర్ కాదు.

పుట్టిన ఊరు, పెరిగిన ఊరు

గజాలా హష్మీ 1964 జూలై 5న పుట్టారు. చిన్నప్పుడు మలక్‌పేటలో నానా నానీల ఇంట్లో ఉన్నారు. తల్లి కోఠిలోని ఉస్మానియా విశ్వవిద్యాలయ మహిళా కళాశాలలో బీఏ, బీఎడ్ చదివారు. పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనంలో నడిచిన కాలేజీ అది. ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయం అయింది. తండ్రి అలీగఢ్‌లో ఎంఏ, ఎల్‌ఎల్‌బీ చేసి, పై చదువుకి అమెరికా వెళ్లారు. అంతర్జాతీయ సంబంధాల్లో పీహెచ్‌డీ పూర్తి చేస్తూ అక్కడే యూనివర్సిటీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. గజాలాకు నాలుగేళ్లు వచ్చాక తల్లి, అన్నతో కలిసి ఆయన దగ్గరకు, జార్జియా రాష్ట్రానికి వెళ్లిపోయారు. అంటే ఇంట్లో తల్లీ తండ్రీ ఇద్దరూ డిగ్రీలు చదివినవాళ్లే. ఈ మాట ఎందుకంటే, ఇలాంటి విజయాల గురించి రాసేటప్పుడు "ఏమీ లేని స్థితి నుంచి" అని రాయడం అలవాటైపోయింది. ఆమె విషయంలో అది నిజం కాదు. డబ్బు సంగతి ఎలా ఉన్నా చదువు మాత్రం ఇంట్లో ముందు నుంచీ ఉంది.

వాళ్లు స్థిరపడిన ఊరు స్టేట్స్‌బరో. పెద్ద సిటీ కాదు, కాలేజీ ఉన్న చిన్న టౌను. 1960ల చివర్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్ల పిల్లలకు వేరే బడి, తెల్ల పిల్లలకు వేరే బడి అనే పద్ధతి కోర్టు తీర్పులతో అప్పుడప్పుడే పోతోంది. ఆ మార్పు జరుగుతున్న సర్కారు బడుల్లోనే ఆమె చదువుకున్నారు. చుట్టుపక్కల ముస్లిం కుటుంబాలు గానీ, దేశీ కుటుంబాలు గానీ పెద్దగా లేని చోటు. సర్కారు బడి గురించి ఆమె తర్వాత చట్టసభలో అంత పట్టుబట్టడానికి ఈ చిన్ననాటి అనుభవమే మూలమని ఆమె చాలాసార్లు చెప్పుకున్నారు.

హైస్కూల్లో క్లాస్ ఫస్ట్. స్కాలర్‌షిప్పుల మీద జార్జియా సదరన్ యూనివర్సిటీలో ఇంగ్లిష్ బీఏ చేశారు. అట్లాంటాలోని ఎమొరీ యూనివర్సిటీలో అమెరికన్ సాహిత్యంలో పీహెచ్‌డీ పట్టా అందుకున్నారు. పరిశోధన విలియమ్ కార్లోస్ విలియమ్స్ అనే అమెరికన్ కవి మీద. మన ఇళ్లల్లో అమెరికా చదువంటే కంప్యూటర్లు, లేకపోతే డాక్టరీ. కవిత్వం మీద పీహెచ్‌డీ చేస్తానంటే ఎన్ని ఇళ్లల్లో సరే అంటారో ఎవరికి వాళ్లు ఆలోచించుకోవాల్సిందే.

1991లో పెళ్లయిన కొత్తల్లో భర్తతో కలిసి వర్జీనియా రాజధాని రిచ్‌మండ్ వచ్చారు. ఇద్దరు కూతుళ్లు. మొదట యూనివర్సిటీ ఆఫ్ రిచ్‌మండ్‌లో, తర్వాత రేనాల్డ్స్ కమ్యూనిటీ కాలేజీలో పాఠాలు చెప్పారు. మొత్తం కలిపి 30 ఏళ్లకు దగ్గర దగ్గర. కమ్యూనిటీ కాలేజీ అంటే తక్కువ ఫీజుతో రెండేళ్ల చదువు చెప్పే సర్కారు కాలేజీ. పగలు ఉద్యోగం చేసి సాయంత్రం క్లాసుకి వచ్చేవాళ్లు, పిల్లల తల్లులు, కొత్తగా వలస వచ్చినవాళ్లు, నాలుగేళ్ల యూనివర్సిటీ ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లలు అక్కడ చేరతారు. రేనాల్డ్స్‌లో అధ్యాపకులకు బోధనలో శిక్షణ ఇచ్చే కేంద్రానికి ఆమే తొలి డైరెక్టర్. 2019కి ముందు ఆమె ఏ పదవికీ పోటీ చేయలేదు.

2017 జనవరి 27

ఆ రోజు అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన ఉత్తర్వు ఏడు ముస్లిం దేశాల నుంచి వచ్చేవాళ్లను ఆపేసింది. విమానాశ్రయాల్లో దిగినవాళ్లను దిగినట్టే నిలబెట్టారు. వీసా, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లూ చిక్కుకున్నారు. భారతదేశం ఆ జాబితాలో లేదు. అయినా అమెరికాలో ఉన్న ముస్లిం కుటుంబాలన్నిటికీ ఒకటే ప్రశ్న ఎదురైంది: రేపు మా సంగతేంటి? దాదాపు యాభై ఏళ్లుగా ఆ దేశంలో ఉంటున్న హష్మీకి కూడా అదే సందేహం వచ్చింది. తనకూ తన కుటుంబానికీ ఇక్కడ చోటుందా లేదా అని ఆలోచించి, చివరికి రాజకీయాల్లోకి దిగాలని నిర్ణయించుకున్నట్టు ఆమె చెబుతారు.

దిగిన సీటు తేలికైనది కాదు. వర్జీనియా సెనేట్‌లో 40 సీట్లు. 2020 జనాభా లెక్కల్లో రాష్ట్ర జనం 86 లక్షలు. అంటే ఒక్కో సెనేటర్‌కు రెండు లక్షల పైచిలుకు జనం, మన అసెంబ్లీ నియోజకవర్గం ఓటర్ల సంఖ్యకు దగ్గరగా. అప్పటి 10వ జిల్లాలో రిచ్‌మండ్ నగరంలో కొంత, చెస్టర్‌ఫీల్డ్ కౌంటీలో కొంత, పౌహటన్ కౌంటీ మొత్తం ఉండేవి. నగరం డెమొక్రాట్లది, పౌహటన్ పల్లెలు రిపబ్లికన్లవి, మధ్యలో కాలనీలు ఎటు తిరిగితే అటు. అప్పటికే రిపబ్లికన్ గ్లెన్ స్టర్టవాంట్ సిట్టింగ్ సెనేటర్. డెమొక్రటిక్ ప్రైమరీలో ఇద్దరిని దాటి, 2019 నవంబర్ 5న సుమారు 54 శాతం ఓట్లతో హష్మీ ఆయన్ను ఓడించారు.

ఆ ఒక్క సీటు విలువ చూడాలి. ఎన్నిక ముగిశాక సెనేట్‌లో డెమొక్రాట్లు 21, రిపబ్లికన్లు 19. రెండు సీట్ల తేడా అంటే, ఒకే ఒక్క సీటు అటు పోతే 20-20. దిగువ సభ కూడా డెమొక్రాట్ల చేతికే వచ్చింది. అప్పటికే గవర్నర్ ఆ పార్టీ మనిషే. రెండు దశాబ్దాలకు పైగా తర్వాత రాష్ట్రం మొత్తం డెమొక్రాట్ల చేతిలోకి రావడం అదే మొదలు. ఆ లెక్కలో హష్మీ గెలుపు కీలకం. వర్జీనియా సెనేట్‌లో తొలి ముస్లిం ఆమె. దిగువ సభలో మాత్రం అంతకుముందే ముస్లిం సభ్యులున్నారు. రోనోక్ నుంచి సామ్ రసూల్ 2014 నుంచీ ఉన్నారు. 2023లో బంగ్లాదేశ్‌లో పుట్టిన సద్దాం సలీం సెనేట్‌కు గెలిచాక ఆమె అక్కడ ఏకైక ముస్లిం సభ్యురాలు కాకుండా పోయారు.

ఈ గెలుపు జరిగిన చోటు కూడా మామూలు చోటు కాదు. వర్జీనియా చట్టసభ 1619లో జేమ్స్‌టౌన్‌లో మొదలైంది. రిచ్‌మండ్ 1861 నుంచి 1865 దాకా బానిసత్వం కోసం యుద్ధం చేసిన దక్షిణ రాష్ట్రాల సమాఖ్యకు రాజధాని. తెల్ల, నల్ల పిల్లల్ని ఒకే బడిలో కూర్చోబెట్టడం ఇష్టం లేక వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ 1959 నుంచి 1964 దాకా సర్కారు బడులనే మూసేసింది. ఐదేళ్లు! అవి మళ్లీ తెరుచుకున్నది హష్మీ పుట్టిన ఏడాదే. ఇంకోవైపు, మత స్వేచ్ఛను చట్టంగా రాసిన తొలి రాష్ట్రాల్లో ఇదీ ఒకటి. థామస్ జెఫర్సన్ రాసిన ఆ చట్టం 1786లో పాసైంది. అది యూదులకు, క్రైస్తవులకు, ముస్లింలకు, హిందువులకు, ఏ మతం నమ్మనివాళ్లకు కూడా వర్తిస్తుందని ఆయన తన ఆత్మకథలో స్పష్టంగా రాసుకున్నారు. జెఫర్సన్ దగ్గర ఖురాన్ ఇంగ్లిష్ అనువాదం ఒకటి ఉండేది. 2007 జనవరిలో అమెరికా కాంగ్రెస్‌లో తొలి ముస్లిం సభ్యుడు కీత్ ఎలిసన్ ఆ ప్రతి మీదే చేయి ఉంచి ఫొటో దిగారు. అదే జెఫర్సన్ బానిసల్ని ఉంచుకున్నాడన్నది కూడా మర్చిపోకూడదు.

సెనేటర్‌గా ఆరేళ్లు

వర్జీనియాలో సెనేటర్ పదవి ఫుల్‌టైం ఉద్యోగం కాదు. ఏడాదికి జీతం 18 వేల డాలర్లు. అమెరికా ఖర్చులకు అది ఇంటి అద్దెకు కూడా చాలదు. సభ సరి సంవత్సరాల్లో 60 రోజులు, బేసి సంవత్సరాల్లో సాధారణంగా 46 రోజులు కూర్చుంటుంది. అందుకే అక్కడ లాయర్లు, టీచర్లు, వ్యాపారులు తమ పని చేసుకుంటూనే సభకు వస్తారు. రాజకీయం ఒక్కటే వృత్తిగా ఉన్నవాళ్లు తక్కువ.

2020, 2021లో పార్టీ చేతిలో అధికారం ఉన్నప్పుడు పనులు వేగంగా జరిగాయి. స్త్రీ పురుష సమానత్వంపై అమెరికా రాజ్యాంగ సవరణను 2020 జనవరిలో వర్జీనియా ఆమోదించింది. అలా ఆమోదించిన 38వ రాష్ట్రం అది. 2021 మార్చిలో మరణశిక్ష రద్దయింది. అమెరికా చరిత్రలో ఎక్కువ మందికి ఆ శిక్ష అమలు చేసిన రాష్ట్రాల్లో వర్జీనియాది ముందు వరస కాబట్టి అది పెద్ద మాటే. ఇవన్నీ హష్మీ ఒక్కరి ఘనత కాదు. ఆమె ఆ మెజారిటీలో ఒక ఓటు. కానీ ఆ ఓటు లేకపోతే మెజారిటీయే లేదు.

2021 ఎన్నికల్లో గాలి మారింది. రిపబ్లికన్ గ్లెన్ యంగ్‌కిన్ గవర్నర్ అయ్యారు. అక్కడి నుంచి నాలుగేళ్లు హష్మీ పార్టీ సెనేట్‌లో మెజారిటీలో ఉన్నా, పాస్ చేసిన బిల్లుల మీద గవర్నర్ వీటో వేలాడుతూనే ఉంది. వీటో దాటాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతులు కావాలి. 21 మంది ఉన్న పార్టీకి అది సాధ్యమయ్యే లెక్క కాదు.

2023లో నియోజకవర్గాల హద్దులు మారి, రిచ్‌మండ్, చెస్టర్‌ఫీల్డ్‌లలోని 15వ జిల్లా నుంచి మళ్లీ గెలిచారు. 2024లో సెనేట్ విద్య, ఆరోగ్య కమిటీకి చైర్‌పర్సన్ అయ్యారు. ఆమె కెరీర్‌లో అసలు అధికారం ఉన్న కుర్చీ ఏదంటే, చాలామంది లెఫ్టినెంట్ గవర్నర్ అనుకుంటారు గానీ, ఇదే. బడులు, కాలేజీలు, ఆస్పత్రుల మీద వచ్చే ప్రతి బిల్లూ ముందు ఈ కమిటీకి రావాలి. కమిటీ ముందుకు పంపకపోతే బిల్లు అక్కడే ఆగిపోతుంది, సభ దాకా రానే రాదు. 15 వారాల తర్వాత గర్భస్రావాన్ని నిషేధించాలని యంగ్‌కిన్ పెట్టించిన ప్రతిపాదన 2023లో ఆగిపోయింది ఈ కమిటీలోనే.

చైర్‌పర్సన్ అయ్యే నాటికి బడుల నిధుల చర్చ జోరుగా ఉంది. 2023లో చట్టసభ సొంత ఆడిట్ సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. దేశ సగటుతో పోలిస్తే వర్జీనియా బడులకు ఒక్కో విద్యార్థి మీద సుమారు 14 శాతం తక్కువ డబ్బు అందుతోందని, రాష్ట్రం వాడే పాత లెక్కల సూత్రమే అందుకు కారణమని తేల్చింది. మన దగ్గర గురుకులాల మెస్ చార్జీల గొడవ ఎలా ఉంటుందో, అక్కడ ఈ సూత్రం గొడవ అలా. సర్కారు బడులకు నిధులు పెంచాలి, ఆ డబ్బును ప్రైవేటు స్కూళ్ల వోచర్లకు మళ్లించకూడదు అన్నది హష్మీ వాదన. మైనారిటీ కుటుంబాల్లో దీనిపై అభిప్రాయం ఒకటే కాదు. పిల్లల్ని ఇస్లామిక్ స్కూల్‌కు పంపే తల్లిదండ్రులు కొందరు వోచర్లు ఉంటే బాగుంటుందనే అంటారు.

ఆమె పేరు మీద ఎక్కువగా వినపడ్డ బిల్లు గర్భనిరోధక హక్కు బిల్లు. పిల్స్, లూప్, కండోమ్ లాంటి గర్భనిరోధక సాధనాలు పొందే, వాడే హక్కుకు చట్టంలో రక్షణ కావాలన్నది దాని సారాంశం. 2022లో సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కును తీసేశాక, రేపు గర్భనిరోధకాల వంతు వస్తుందేమోనన్న భయం నుంచి పుట్టింది. 2024లో రెండు సభల్లో పాసైంది, యంగ్‌కిన్ వీటో చేశారు. 2025లో మళ్లీ పాసైంది, మళ్లీ వీటో. అంటే అప్పట్లో చట్టం కాలేదు. ఓటర్ల దగ్గర మాత్రం అదే ఆమె గుర్తింపు అయింది. గర్భస్రావ హక్కు విషయంలో ఆమె వైఖరిని మన పాఠకుల్లో ఒప్పుకోనివాళ్లు ఉంటారు. ఉలమాల్లోనూ ఈ విషయంపై, ముఖ్యంగా మొదటి వారాల గురించి, వేర్వేరు అభిప్రాయాలున్నాయి. హష్మీ ముస్లిం కాబట్టి ముస్లింల తరఫున ఓటేస్తారనుకోవడం పొరపాటు. ఆమె తన పార్టీ ఎజెండా మీద, తన జిల్లా ఓటర్ల మీద ఆధారపడి నిలబడ్డ నాయకురాలు. ఆ జిల్లాలో ముస్లింలు కొద్దిమందే.

ఒక్క శాతం కూడా లేని తేడా

2024 మే నెలలో లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి పోటీ చేస్తానని ప్రకటించారు. డెమొక్రటిక్ ప్రైమరీలో ఆరుగురు నిలబడ్డారు. రిచ్‌మండ్ మాజీ మేయర్ లెవార్ స్టోనీ, వర్జీనియా బీచ్ సెనేటర్ ఆరన్ రౌస్ గట్టి పోటీదారులు. ప్రిన్స్ విలియం కౌంటీ స్కూల్ బోర్డు చైర్మన్, కంటి డాక్టర్ బాబర్ లతీఫ్ కూడా రంగంలో ఉన్నారు. అంటే ఒకే పదవికి ఇద్దరు ముస్లిం అభ్యర్థులు. మన దగ్గర ఇలా జరిగితే "ఓట్లు చీలిపోతాయి" అని పెద్ద మనుషులు ఒకరిని కూర్చోబెట్టేస్తారు.

2025 జూన్ 17న ఫలితం చూస్తే హష్మీకి 28 శాతం కంటే తక్కువ, స్టోనీకి, రౌస్‌కు చెరో 26 శాతం పైచిలుకు. మొదటి స్థానానికీ రెండో స్థానానికీ మధ్య ఒక్క శాతం తేడా కూడా లేదు. ప్రైమరీలో సగం దాటాలన్న నిబంధన లేదు, అందరికంటే ఎక్కువ వస్తే చాలు. ఉంటే ఈ కథ వేరేగా ఉండేదేమో. పార్టీ ఓటర్లలో నూటికి డెబ్బై మందికి పైగా ఆమెకు కాకుండా ఇంకెవరికో ఓటేశారన్నది కూడా ఆమె రికార్డులో భాగమే.

జనరల్ ఎన్నికలో ప్రత్యర్థి రిపబ్లికన్ జాన్ రీడ్, రేడియో టాక్ షో నడిపిన వ్యక్తి. ఆయన డిబేట్‌కు రమ్మన్నారు, ఆమె వెళ్లలేదు. దాంతో ఆయన అక్టోబర్‌లో ఏఐతో హష్మీ గొంతును, బొమ్మను తయారు చేయించి, ఆ బొమ్మతోనే 40 నిమిషాలు డిబేట్ చేసి వీడియో పెట్టారు. జనం నవ్వుకున్నారు, విసుక్కున్నారు కూడా. ఏఐతో మనిషిని తయారు చేసి ఆమె నోట మాటలు పెట్టడం ప్రమాదకరమైన పనే. అయితే రాష్ట్రమంతా ఓటడిగే అభ్యర్థి ఒక్క డిబేట్‌కైనా వచ్చి జవాబు చెప్పాల్సిందన్న విమర్శలోనూ న్యాయం ఉంది. ఏమైనా నవంబర్‌లో ఆమె సుమారు 55 శాతం ఓట్లతో, పది శాతానికి మించిన తేడాతో గెలిచారు. గవర్నర్‌గా అబిగైల్ స్పాన్‌బర్గర్ గెలిచారు, ఆ రాష్ట్రానికి తొలి మహిళా గవర్నర్. అటార్నీ జనరల్‌గా గెలిచిన జే జోన్స్ ఆ పదవిలో తొలి నల్లజాతీయుడు. అదే రోజు న్యూయార్క్ నగరం జోహ్రాన్ మమ్దానీని మేయర్‌గా ఎన్నుకుంది. రెండు వార్తలూ కలిసి రావడంతో మమ్దానీ పేరు ముందు హష్మీ పేరు కొంచెం వెనకబడింది.

ఇక కుర్చీలో ఏముంది?

జీతం 36 వేల డాలర్ల చిల్లర. ఇదీ పార్ట్‌టైం పదవే. పని రెండు రకాలు. ఒకటి, సెనేట్ సమావేశాలకు అధ్యక్షత వహించడం, మన శాసనమండలి చైర్మన్ లాగా. రెండు, ఓట్లు సమానంగా వస్తే తన ఓటు వేసి తేల్చడం. మామూలుగా ఆమెకు ఓటు లేదు. 40 మంది సభలో 21-19 బలం ఉన్నప్పుడు ఒక్క డెమొక్రాట్ అటు వెళ్తే 20-20 అవుతుంది. అప్పుడు ఆమె ఓటే ఫైనల్. గవర్నర్ చనిపోయినా, రాజీనామా చేసినా ఆ కుర్చీలోకి వచ్చేది కూడా లెఫ్టినెంట్ గవర్నరే. కమిటీ చైర్‌పర్సన్‌గా బిల్లులను ఆపగల, కదిలించగల శక్తిని వదులుకుని ఆమె ఈ పదవికి వచ్చారు. సెనేట్ సీటును కూడా వదులుకోవాల్సి వచ్చింది, అక్కడ ఉప ఎన్నిక జరిగింది.

ఆమె కంటే ముందు ఈ పదవిలో ఉన్న విన్సమ్ ఎర్ల్ సియర్స్ కూడా వలస వచ్చినవారే, జమైకాలో పుట్టారు. రిపబ్లికన్. అంటే వరసగా ఇద్దరు, విదేశంలో పుట్టిన మహిళలు, వ్యతిరేక పార్టీల నుంచి ఒకే కుర్చీలోకి వచ్చారు.

ఇంకో సంగతి మన దగ్గర చాలామంది గమనించలేదు. వర్జీనియా పక్క రాష్ట్రం మేరీలాండ్‌లో 2023 జనవరి నుంచి లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉన్న అరుణా మిల్లర్ కూడా హైదరాబాద్‌లో పుట్టినవారే, తెలుగు కుటుంబం. ఆమె పుట్టింది 1964 నవంబర్‌లో, హష్మీ జూలైలో. ఒకే ఊళ్లో, ఒకే ఏడాది, నాలుగు నెలల తేడాతో పుట్టిన ఇద్దరు ఆడపిల్లలు, ఒకరు తెలుగింట్లో, ఒకరు ఉర్దూ మాట్లాడే ఇంట్లో. ఇప్పుడు పక్కపక్క రాష్ట్రాల్లో ఒకే పేరున్న పదవులు. మిల్లర్ సివిల్ ఇంజినీర్, రోడ్లు, ట్రాఫిక్ శాఖలో సర్కారు ఉద్యోగం చేసి రాజకీయాల్లోకి వచ్చారు. వీళ్లిద్దరి గురించి ఇక్కడి పత్రికలు "మన బిడ్డ" అని రాస్తాయి గానీ, ఇద్దరూ చిన్నతనంలోనే దాటిపోయినవాళ్లు. హష్మీ నాలుగేళ్లప్పుడు, మిల్లర్ ఏడేళ్లప్పుడు. వాళ్లను తయారు చేసింది అక్కడి సర్కారు బడులే.

పేరు గురించి ఒక మాట. ప్రచారంలో ఆమె పేరు పలకడం అమెరికన్లకు కష్టమైందని చాలా వార్తల్లో వచ్చింది. నిజానికి అరబీలో గజాలా అంటే ఆడ జింక. ఇంగ్లిష్‌లో జింక జాతికి వాడే గెజెల్ అన్న మాట ఈ అరబీ మూలం నుంచే వచ్చింది. ఓటర్లకు తెలియకుండానే వాళ్ల నోట్లో ఆ పేరు సగం ఉంది.

హష్మీ పదవీకాలం 2030 జనవరి దాకా. వర్జీనియాలో గవర్నర్ వరసగా రెండోసారి పోటీ చేయడానికి వీల్లేదు, కాబట్టి 2029లో స్పాన్‌బర్గర్ బరిలో ఉండరు. లెఫ్టినెంట్ గవర్నర్‌కు అలాంటి అడ్డు లేదు. ఈ కుర్చీ నుంచి గవర్నర్ అయినవాళ్లు ఆ రాష్ట్రంలో చాలామందే ఉన్నారు. 1990లో డగ్లస్ వైల్డర్, అమెరికాలో ప్రజలు ఎన్నుకున్న తొలి నల్లజాతి గవర్నర్, ఇక్కడి నుంచే వెళ్లారు. 2006లో టిమ్ కెయిన్, 2018లో రాల్ఫ్ నార్తమ్ కూడా అంతే. 2025లో సియర్స్ ప్రయత్నించి ఓడిపోయారు. హష్మీ ఏం చేస్తారన్నది ఈ నాలుగేళ్లలో ఆ సుత్తి పట్టుకుని సభను ఎలా నడుపుతారు, 20-20 దగ్గర ఎటు ఓటేస్తారు అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.